ఆఫీసులో చిన్నచిన్న చులకనలు, ఉద్యోగి మనసు: తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోఅగ్రెషన్ల గురించి ఉద్యోగులు, టీమ్ లీడ్లు, హెచ్‌ఆర్ వాళ్ళు మళ్ళీమళ్ళీ అడిగే ప్రశ్నలివి. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి.

మైక్రోఅగ్రెషన్ అంటే సరిగ్గా ఏమిటి?

ఆడా మగా, ఒంటి రంగు, కులం, మతం, యాస, వయసు, వైకల్యం ఇలాంటిదేదో ఒకటి చూసి, తెలిసో తెలియకో మనిషిని తక్కువ చేసే చిన్న మాట, చూపు లేదా చేష్ట. "మీరు ఇంత బాగా రాస్తారని అనుకోలేదండీ." "ఈ కొత్త సాఫ్ట్‌వేర్ గొడవ మీకెందుకు సార్, కుర్రాళ్ళు చూసుకుంటారు." "మీదే ఊరు? అది కాదు, అసలు ఊరు?" చక్రాల కుర్చీలో వచ్చిన ఉద్యోగిని వదిలేసి, పక్కనున్న మనిషిని "ఈయనకేం కావాలట?" అని అడగడం.

మామూలు మొరటుతనానికీ దీనికీ తేడా ఉంది. అందరి మీదా విసుక్కునే బాస్ మొరటు మనిషి, అంతే. అందరి మాటా ఓపికగా విని, ఒక్కరు నోరు తెరిచినప్పుడు మాత్రం వాచీ చూసుకునే బాస్ సంగతి వేరు.

ఈ మాట ఎప్పటినుంచి వాడుకలో ఉంది?

1970లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ మానసిక వైద్యుడు చెస్టర్ పియర్స్ వాడాడు. అమెరికాలో నల్లజాతివారికి రోజూ ఎదురయ్యే చిన్నచిన్న అవమానాలను ఉద్దేశించి ఆయన చెప్పిన మాట అది. కొద్దికాలానికే, 1973లో, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మహిళా ఉద్యోగుల సమస్యలు చూడడానికి చేరిన ఆర్థికవేత్త మేరీ రో ఇదే సంగతిని ఇంకో వైపునుంచి పట్టుకుంది. పరిచయాల్లో పేరు మర్చిపోవడం, మెయిల్లో ఒకరిని కలపకపోవడం లాంటి, ఫిర్యాదుకు అందని చిన్న అన్యాయాలను ఆమె నమోదు చేసింది.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న వర్గీకరణ 2007 నాటిది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డెరాల్డ్ వింగ్ సూ బృందం వీటిని మూడు రకాలుగా విడగొట్టింది: కావాలని చేసే అవమానం, తెలియకుండానే నోరు జారే అవమానం, ఎదుటివాడి అనుభవాన్నే కొట్టిపారేయడం. ఈ మూడోది వినడానికి అన్నిటికంటే మర్యాదగా ఉంటుంది. "అబ్బే, మన ఆఫీసులో అలాంటివేం లేవు, మీరు ఊరికే అలా అనుకుంటున్నారు."

ఒక్క మాటకే అంత బాధ ఎందుకు?

ఒక్క మాట కాదు కాబట్టి.

చెవికి మిషన్ పెట్టుకున్న ఒక ఉద్యోగిని అనుకుందాం. మీటింగ్‌లో ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఆమె పక్కకు తిరిగి "ఏమన్నారు?" అని అడిగింది. "ఏం లేదులే, వదిలెయ్" అన్నాడు సహోద్యోగి, ఇంకా నవ్వు ఆపుకోకుండానే. అతనికి ఆమె మీద ఏ కోపమూ లేదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పడానికి బద్ధకం, అంతే. ఆ "వదిలెయ్" ఆమె చిన్నప్పుడు క్లాసులో విన్నది, బంధువుల మధ్య విన్నది, పోయిన వారం ఇదే గదిలో విన్నది. అతని లెక్కలో ఇది మొదటిసారి. ఆమె లెక్కలో ఎన్నోసారో ఆమెకే తెలియదు. "ఇంత చిన్నదానికి ఇంత పట్టింపా" అని అతను ఆశ్చర్యపోయేది, "ఇంకా ఎన్నిసార్లు" అని ఆమె అలిసిపోయేది ఈ లెక్కల తేడా వల్లే.

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. తర్వాతి మీటింగ్‌లో ఆమె అడగదు. అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వుతుంది. చివర్లో ఎవరో గడువు రెండు రోజులు ముందుకు జరిపిన మాట కూడా అలాగే చెవిన పడకుండా పోతుంది. పని ఆలస్యమవుతుంది. "ఈమెకు శ్రద్ధ తక్కువ" అని పేరొస్తుంది. మొదట్లో ఆ ఒక్క వాక్యం మళ్ళీ చెప్పి ఉంటే పోయేదేమీ లేదు, కానీ అక్కడిదాకా వెనక్కి వెళ్ళి చూసేవాళ్ళెవరు?

మనసు మీద ఎలా పనిచేస్తుంది?

నా దృష్టిలో మాటకంటే అనుమానం ఎక్కువ ఖరీదైనది. ముఖం మీదే తిడితే కోపం వస్తుంది, ఏడుపొస్తుంది, ఫిర్యాదు చేయాలనిపిస్తుంది. ఏదైనా దానికొక దారి ఉంటుంది. "మీరు కూడా వస్తున్నారా ఈ క్లయింట్ కాల్‌కి?" అన్న మాటకు దారి లేదు. ఆ "కూడా" ఎందుకు వచ్చింది? యథాలాపంగా అన్నాడా? నిన్న ఫలానా ఆయన్ను అలా అడగలేదే? నేనే పెడర్థం తీస్తున్నానా? రాత్రి పడుకున్నాక కూడా ఇదే తిరుగుతుంటుంది.

ఇలా ఒకే విషయాన్ని నెమరేసుకుంటూ ఉండడానికీ, కుంగుబాటు, ఆందోళనలకూ సంబంధం ఉందని మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలంగా తెలుసు. దానికి తోడు ముందుజాగ్రత్త అలవాటవుతుంది. నోరు తెరిచే ముందు వాక్యం లోపల రెండుసార్లు అనుకోవడం, పంపే ముందు మెయిల్ నాలుగుసార్లు చదువుకోవడం, యాస బయటపడకుండా చూసుకోవడం, ఏ బట్టలు వేసుకుంటే ఏమంటారో అని ఆలోచించడం. ఇవన్నీ పనే. జీతం లేని పని, ఎవరికీ కనపడని పని. సాయంత్రానికి "ఇవాళ పెద్దగా ఏం చేయలేదే, ఇంత అలసట ఏమిటి" అని తన మీద తనకే విసుగు పుడుతుంది.

ఇది ఏళ్ళ తరబడి సాగితే అవతలివాళ్ళ అంచనాయే తన అంచనా అయిపోతుంది. ప్రమోషన్‌కు దరఖాస్తు పెట్టే ముందే "మనకెందుకులే" అనిపిస్తుంది.

ఒంటి మీద కూడా ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. ప్రమాదం పొంచి ఉందనిపిస్తే శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. గండం గడిచాక మళ్ళీ మామూలుకు రావాలి. మీటింగ్ అయిపోయినా మనసులో మీటింగ్ నడుస్తూనే ఉంటే అది మామూలుకు రావడం ఆలస్యమవుతుంది. ఇలా పదేపదే జరిగి ఒంట్లో పేరుకునే అరుగుదలకు 1993లో బ్రూస్ మెక్‌ఈవెన్, ఎలియట్ స్టెల్లార్ అనే శాస్త్రవేత్తలు అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. దీర్ఘకాలపు ఒత్తిడికి గుండె జబ్బులతో, నిద్రలేమితో, రోగనిరోధక శక్తి తగ్గడంతో సంబంధం ఉందన్నది ఇప్పుడు వైద్యంలో మామూలు మాట.

ఆఫీసులో చిన్నచూపు వల్లే ఫలానా మనిషికి బీపీ వచ్చిందని మాత్రం ఎవరూ చెప్పలేరు. ఒత్తిడికి ఎన్నో మూలాలుంటాయి, అందులో ఇదొకటి. నిద్ర పట్టకపోవడం, ఆదివారం సాయంత్రం కడుపులో తిప్పడం, మెడ, భుజాలు బిగుసుకుపోవడం, ఫలానా మనిషి మెసేజ్ రాగానే గుండె దడ. ఇలాంటివి ముందు కనపడతాయి.

పని మీద ఏం ప్రభావం పడుతుంది?

ముందు నోరు మూతపడుతుంది. తప్పు కనపడినా చెప్పరు, సందేహం ఉన్నా అడగరు. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో చేసిన అధ్యయనం ఈ విషయంలో ప్రసిద్ధం. అడిగితే, ఒప్పుకుంటే చులకనైపోతామన్న భయం లేని బృందాలే బాగా నేర్చుకుంటాయని, బాగా పనిచేస్తాయని ఆమె చూపించింది. రోజూ ఒకరి మాట తీసిపారేసే చోట ఆ భయం పోదు.

తర్వాతి మెట్టు బర్న్‌అవుట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా నిర్వచించింది. ఒళ్ళూ మనసూ అలిసిపోవడం, పని మీద విరక్తి, చేతనైన పని కూడా చేయలేకపోతున్నామన్న భావన దాని మూడు లక్షణాలు. మూడోదాన్ని చులకన నేరుగా పెంచుతుందని వేరే చెప్పక్కర్లేదు. చివరికి ఉద్యోగం మానేస్తారు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో మాత్రం "మంచి అవకాశం వచ్చింది" అని రాసి పోతారు.

మంచి ఉద్దేశంతో అన్నా తప్పేనా?

ప్రసవం సెలవు ముగించుకుని వచ్చిన ఉద్యోగితో మేనేజర్ అంటాడు: "ఆ ప్రాజెక్టుకు ప్రయాణాలెక్కువ, చంటిబిడ్డతో మీకు కష్టం కదా, అందుకే వేరేవాళ్ళకిచ్చాను." నిజంగా జాలితోనే అన్నాడనుకుందాం. కానీ నిర్ణయం అయిపోయింది, ఆమెను అడగలేదు, ఆ ఏడాది ప్రమోషన్‌కు లెక్కకొచ్చేది ఆ ప్రాజెక్టే. పోయిన నెల తండ్రయిన ఆయన్ను ఎవరూ ఇలా దయతలచలేదు. పైగా దీనికి బాధపడితే "నీ మంచికే చెప్పాను" అనే మాట సిద్ధంగా ఉంటుంది. బయటికి దయలా కనపడేదాన్ని ఎదిరించడం తిట్టును ఎదిరించడం కంటే కష్టం.

అడిగి ఉంటే సరిపోయేది. "ప్రయాణాలున్నాయి, చేస్తారా?" అంతే.

మాటలు లేకుండా కూడా జరుగుతుందా?

ఎక్కువగా అలాగే జరుగుతుంది. ఎవరి మాట మధ్యలో తుంచేస్తారు, మినిట్స్ ఎవరు రాస్తారు, వీడ్కోలు పార్టీ ఏర్పాట్లు ఎవరి నెత్తిన పడతాయి, పని తర్వాత కలుసుకునే వాట్సాప్ గ్రూపులో ఎవరు లేరు. గమనిస్తే తెలుస్తుంది.

పదవి పెరిగితే ఇది ఆగిపోతుందనుకుంటే పొరపాటు. అమెరికా సుప్రీంకోర్టు మౌఖిక వాదనల రికార్డులను టోన్యా జాకోబీ, డిలన్ ష్వీర్స్ పరిశీలించి 2017లో ప్రచురించారు. మహిళా న్యాయమూర్తుల మాటకు, వాళ్ళ సంఖ్యతో పోలిస్తే, చాలా ఎక్కువగా అడ్డుపడుతున్నారని తేలింది. అడ్డుపడేది తోటి పురుష న్యాయమూర్తులు, వాళ్ళ ముందు వాదించే లాయర్లు కూడా. 2021లో కోర్టు పద్ధతి మార్చి, సీనియారిటీ వరసలో ఒక్కొక్కరూ ప్రశ్నలడిగే విడత చేర్చింది. ఆ మార్పుకు ఇలాంటి అధ్యయనాలూ ఒక కారణమని న్యాయమూర్తి సోనియా సోటోమయోర్ బహిరంగంగానే చెప్పింది. ఎవరికీ క్లాసు పీకకుండా, మాట్లాడే వరస మార్చి సమస్య తగ్గించే ప్రయత్నం చేశారన్నది నాకు నచ్చిన విషయం.

పేరు రాని పనుల మీద కూడా ఒక మంచి పరిశోధన ఉంది. ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకులు 2017లో చూపించినదేమిటంటే, ప్రమోషన్‌కు పనికిరాని పనులు చేయమని ఆడవాళ్ళనే ఎక్కువగా అడుగుతారు, వాళ్ళే ఎక్కువగా ఒప్పుకుంటారు. అందరూ మగవాళ్ళే ఉన్న గుంపుల్లోనైతే వాళ్ళూ అంతే చురుగ్గా ముందుకొచ్చారు. అంటే ఇది స్వభావం కాదు, "ఆవిడ చేస్తుందిలే" అన్న ధీమా.

పక్కన ఉండి చూసేవాళ్ళకు కూడా నష్టమా?

అవును. క్రిస్టీన్ పొరాత్, ఆమీర్ ఎరెజ్ 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, వేరొకరిని కించపరచడం చూసినవాళ్ళు కూడా ఆ తర్వాత ఇచ్చిన చిక్కుముడులను తక్కువగా విప్పారు, కొత్త ఆలోచనలు తక్కువ చెప్పారు, ఇతరులకు సాయం చేయడానికీ అంతగా ముందుకు రాలేదు. అక్కడ జరిగింది మామూలు మొరటుతనమే. "రేపు నా వంతు" అనిపించే చోట ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇదంతా శాస్త్రీయంగా రుజువైందా? అతి అంటున్నవాళ్ళూ ఉన్నారుగా?

ఉన్నారు, వాళ్ళ మాటలో పస కూడా ఉంది. ఎమరీ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త స్కాట్ లిలియన్‌ఫెల్డ్ 2017లో గట్టి విమర్శ రాశాడు. నిర్వచనం మరీ వదులుగా ఉందన్నాడు. చాలా అధ్యయనాలు బాధితులు చెప్పుకున్నదాని మీదే ఆధారపడ్డాయన్నాడు. స్వతహాగా ఆందోళన ఎక్కువగా ఉండేవాళ్ళు ఇలాంటివి ఎక్కువగా గమనించవచ్చు కాబట్టి, దేనివల్ల ఏది అన్నది తేలలేదన్నాడు. తేలేదాకా శిక్షణ కార్యక్రమాలు ఆపమని కూడా సూచించాడు. దీనికి మోనికా విలియమ్స్ 2020లో అంశాలవారీగా జవాబిచ్చింది.

నా అభిప్రాయం: కారణం, ఫలితం మధ్య ముడి ఎంత గట్టిదన్న దాని మీద వాదన న్యాయమైనదే. కానీ ఎక్కువగా చిన్నచూపుకు గురవుతున్నామని చెప్పేవాళ్ళలో కుంగుబాటు, ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టు అధ్యయనం తర్వాత అధ్యయనంలో కనపడుతోంది. ఆ సంగతి పక్కన పెట్టడానికి లేదు. ఏ ఒక్క వాక్యాన్నో పట్టుకుని "ఇది నేరమా కాదా" అని తూకం వేసే ధోరణి మాత్రం ఎవరికీ మేలు చేయలేదు. చూడాల్సింది తీరును: ఎవరికి, ఎన్నిసార్లు, ఎవరి వల్ల.

నేనే ఎక్కువగా ఊహించుకుంటున్నానేమో?

కావచ్చు, కాకపోనూవచ్చు. తలలోనే తేల్చుకోవాలని చూడకండి. కొన్ని వారాలు రాసి పెట్టుకోండి: తేదీ, ఎక్కడ, ఎవరు, వాళ్ళ మాటల్లోనే ఏమన్నారు, ఎవరున్నారు. మీ వ్యాఖ్యానం వద్దు. తర్వాత తిరగేసి చూస్తే, ఒక చెడ్డ రోజా, ఒక మనిషి తీరా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ఆ కాగితం ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కాకుండా మీ దగ్గరే ఉంచుకోండి.

అప్పటికప్పుడు ఏమనాలి?

ఏదో ఒకటి అనితీరాలని లేదు. అన్నది మీ అప్రైజల్ రాసే మనిషైతే ఊరుకోవడం పిరికితనం కాదు, లెక్క. అనాలనుకుంటే చిన్న ప్రశ్న చాలు: "అంటే ఏమిటండీ, అర్థం కాలేదు." గొంతులో వ్యంగ్యం లేకుండా అడిగితే, అన్నవాళ్ళు తమ మాటను తామే విప్పి చెప్పాల్సి వస్తుంది. సగం మంది అక్కడే నాలుక్కరుచుకుంటారు. మధ్యలో తుంచేస్తే "ఒక్క నిమిషం, నా మాట పూర్తి చేస్తాను" అనండి, క్షమాపణలు జోడించకుండా. మంచి మనిషే నోరు జారితే, తర్వాత ఒంటరిగా దొరికినప్పుడు చెప్పడం మేలు.

అన్నది నేనే అయితే?

"నా ఉద్దేశం అది కాదు" అనే మాట మొదట వస్తుంది. దాన్ని కాసేపు ఆపండి. "అవునా, సారీ. ఇకమీదట చూసుకుంటాను" చాలు. అరగంటసేపు పశ్చాత్తాపపడితే చివరికి అవతలి మనిషే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

నేను పక్కన ఉంటే ఏం చేయాలి?

బాధపడ్డ మనిషి చెబితే "గొణుగుడు మనిషి" అంటారు. వివక్ష జరిగిందనడానికి ఆధారం కళ్ళెదుట ఉన్నా సరే, దాన్ని పైకి చెప్పినవాళ్ళను జనం తక్కువగా చూస్తారని షెరిల్ కైజర్, కరోల్ మిల్లర్ 2001లోనే చూపించారు. మీరు చెబితే ఆ రంగు అంటదు. "ఈ ఐడియా ఇందాక ఆవిడ చెప్పారు కదా, మిగతాది ఆవిడనే చెప్పనిద్దాం." ఈ ఒక్క వాక్యం ఎవరినీ తప్పుపట్టదు, పేరు ఎవరికి దక్కాలో వాళ్ళకు దక్కుతుంది. తర్వాత విడిగా "నేనూ విన్నాను" అనండి. వినింది తను ఒక్కతే కాదని తెలిస్తే ఆ రాత్రి అనుమానాల భారం చాలా తగ్గుతుంది.

ఫిర్యాదు చేయవచ్చా? చట్టం ఏమంటుంది?

దేశాన్నిబట్టి ఉంటుంది. ఒక్క మాటకు చట్టం సాధారణంగా కదలదు. పదేపదే జరిగి పని వాతావరణాన్నే చెడగొడితే అది వేధింపు లేదా వివక్ష కిందికి రావచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించి, 2021 జూన్ 25 నుంచి అమల్లోకి వచ్చిన, పనిచోట హింస, వేధింపులకు సంబంధించిన 190వ ఒప్పందం మానసిక హానిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. హాని చేయాలన్న ఉద్దేశం ఉంటేనే అని కాదు, హానికి దారితీసినా, దారితీసే అవకాశం ఉన్నా సరే. ఆమోదించిన దేశాలు తమ చట్టాలను దానికి తగ్గట్టు మార్చుకోవాలి. ఫిర్యాదుకు ముందు మీరు రాసిపెట్టుకున్న తేదీల కాగితం ఇక్కడే అక్కరకొస్తుంది.

నేను మేనేజర్‌ను. ఒకరోజు ట్రైనింగ్ పెట్టిస్తే సరిపోతుందా?

సరిపోదు. 800కు పైగా అమెరికన్ కంపెనీల మూడు దశాబ్దాల సమాచారం చూసిన సామాజిక శాస్త్రవేత్తలు ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్, బలవంతపు వైవిధ్య శిక్షణలు ఆశించిన ఫలితం ఇవ్వలేదని, కొన్నిచోట్ల బెడిసికొట్టాయని తేల్చారు. చేయగలిగిన పనులు చప్పగా ఉంటాయి, కానీ పనిచేస్తాయి. మినిట్స్ రాయడం వంతులవారీగా పెట్టండి. మాట్లాడనివాళ్ళకు మీటింగ్ ముందే అజెండా పంపండి. పేరు ఎలా పలకాలో అడిగి నేర్చుకోండి. అప్రైజల్‌లో "కాస్త దూకుడు" అని రాసే ముందు, అదే పని ఇంకొకరు చేస్తే "చొరవ" అని రాస్తారేమో చూసుకోండి. ఎవరైనా వచ్చి చెబితే మొదటి వాక్యం "ఆయన అలాంటివాడు కాదే" కాకూడదు. ఆ ఒక్క వాక్యంతో రెండోసారి మీ గది తలుపు తట్టేవాళ్ళుండరు.

ఇంటినుంచి పనిచేస్తే ఈ బెడద తప్పుతుందా?

కొంత. కారిడార్‌లో మాటలు తగ్గుతాయి. చాట్‌లో మీ ప్రశ్నకు మాత్రమే జవాబు రాకపోవడం, మిమ్మల్ని కలపకుండానే కాల్ అయిపోవడం మొదలవుతాయి. స్క్రీన్ మీద ముఖకవళికలు సరిగా కనపడవు కాబట్టి అనుమానం ఇంకా పెరిగే వీలుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

రెండు వారాలకు మించి దాదాపు రోజూ దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, నిద్ర, తిండి దెబ్బతిన్నా ఆగకండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు ఎవరికైనా చెప్పి వైద్యసాయం తీసుకోండి. ఆఫీసు కౌన్సెలింగ్ సదుపాయం వాడే ముందు, చెప్పిన విషయాలు ఎవరికి చేరతాయో అడిగి తెలుసుకోండి. కౌన్సెలర్ మీ నిద్రను, దిగులును చక్కబెట్టడంలో సాయం చేయగలరు. మీ టీమ్‌ను మార్చలేరు, అది కంపెనీ పని.

ఉద్యోగం మానేస్తే ఓడిపోయినట్టేనా?

కాదు. చెప్పాల్సినవాళ్ళకు చెప్పారు, ఏమీ మారలేదు, ఒళ్ళు పాడవుతోంది అంటే మారడమే తెలివైన పని. వీలైతే చేతిలో ఉద్యోగం ఉండగానే వెతకండి. కొత్తచోట ఆఫర్ వచ్చాక, ఒప్పుకునే ముందు, ఆ టీమ్‌లో పనిచేస్తున్న మీలాంటి నేపథ్యమున్న మనిషితో విడిగా అరగంట మాట్లాడండి. అలాంటివాళ్ళు ఎందరు చేరారన్నది కాదు, చేరినవాళ్ళలో ఎందరు మిగిలారు, ఏ హోదాలో ఉన్నారు అన్నది అడగండి.